ఎండ గీతలో దుమ్ము



ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ఒక వడ్రంగి షెడ్డును తలచుకోండి. పైన రేకులు. ఒక రేకుకు ఎప్పుడో మేకు ఊడిన చిల్లు. ఉదయపు ఎండ ఆ చిల్లులోంచి సన్నటి గీతలా దిగుతోంది. కింద కోత మిషన్. టేకు పలక ఒకటి కోయడం ఇప్పుడే అయిపోయింది. మిషన్ ఆపారు. నేల మీద పొట్టు కుప్పగా పడి ఉంది. పని నేర్చుకుంటున్న కుర్రవాడు చీపురు తీశాడు. రెండు నిమిషాల్లో ఊడ్చి మూలకు చేర్చాడు. షెడ్డు శుభ్రమైపోయినట్టే కనిపిస్తోంది.

ఇప్పుడు ఆ ఎండ గీత వైపు చూడండి. అందులో నలుసులు తేలుతున్నాయి. పైకీ కిందికీ, నెమ్మదిగా. ఐదు నిమిషాలైంది, ఇంకా ఉన్నాయి. పది నిమిషాలైంది, ఇంకా ఉన్నాయి. అవి ఆ గీతలోనే ఉన్నాయనుకోకండి. షెడ్డు నిండా ఉన్నాయి. ఎండ పడిన చోట మాత్రం మన కంటికి చిక్కుతున్నాయి. ఆ షెడ్డులో నిలబడ్డ మేస్త్రీ, కుర్రవాడు, తలుపు కొలతలు చెప్పడానికి వచ్చిన ఇంటి యజమాని, ముగ్గురూ వాటిని పీలుస్తున్నారు.

చెక్క పని చేసే చోట దుమ్ము రెండు రకాలు. ఒకటి నేల మీద పడేది. రెండోది గాలిలో తేలేది. నేల మీద పడేది కనిపిస్తుంది కాబట్టి దాని గురించే అందరి ఆలోచన. ప్రాణానికి ముప్పు తెచ్చేది గాలిలో తేలేది. దుమ్ము లాగే మిషన్, అదే డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్ కొనాలనుకునే వడ్రంగి సోదరులు ఈ రెండో దుమ్మును మనసులో పెట్టుకుని దుకాణానికి వెళ్లాలి. ఈ ప్రసంగం దాని గురించే.

నిజానికి రంపపు పొట్టు మనవాళ్లకు ఎన్నడూ శత్రువు కాదు. పాత తరం వాళ్లకు పొట్టు పొయ్యి గుర్తుండే ఉంటుంది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, గట్టిగా దట్టించి, సీసా మెల్లగా పైకి లాగేవారు. కింద పక్క చిల్లులోంచి నిప్పు అంటిస్తే గంటల తరబడి నిలకడగా మండేది. ఐసు గడ్డ కరగకుండా పొట్టు కప్పేవారు. కొండపల్లి బొమ్మల కళాకారులు ఇప్పటికీ పొట్టునూ చింతగింజల పిండినీ కలిపి మక్కు తయారు చేస్తారు. తెల్ల పొణికి చెక్కతో విడివిడిగా చెక్కిన చేతులూ కాళ్లూ బొమ్మకు అతికేది ఆ మక్కుతోనే. పొట్టంటే మనకు సరుకు. పారేసే చెత్త అని ఎవరూ అనుకోలేదు.

మరి ఇప్పుడు ఏం మారింది? పనిముట్లు మారాయి. ఉలి పెట్టి కొడితే పెచ్చు లేస్తుంది. చేత్తో చిత్రిక పడితే పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చి కాళ్ల దగ్గర పడుతుంది. ఉప్పు కాగితం పెట్టి చేత్తో రుద్దినా దుమ్ము వస్తుంది, కానీ చెయ్యి ఎంతసేపు రుద్దుతుంది? అదే కాగితాన్ని కరెంటు సాండర్‌కు బిగిస్తే నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. కలప పిండి పిండి అయిపోతుంది. గోధుమ పిండి కంటే సన్నటి పిండి. దానికి తోడు ఇప్పటి పని చాలావరకు ప్లైవుడ్‌తో, ఎండీఎఫ్‌తో. ఎండీఎఫ్ అంటేనే కలప నారను జిగురుతో కలిపి అచ్చుపోసిన పలక. దాన్ని కోస్తే సన్నటి పొడే వస్తుంది. ఆ జిగురు చాలా పలకల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్న రకం.

ఈ సన్నటి దుమ్ము మనిషిని ఏం చేస్తుందో ప్రపంచానికి గట్టిగా తెలిసింది ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణం వల్ల. పేరు హై వికమ్. లండనుకు వాయవ్యంగా, బీచ్ చెట్ల అడవుల మధ్య ఉంటుంది. ఆ ఊరంతా కుర్చీలు చేసి బతికిన ఊరు. ఎంతగా అంటే, అక్కడి ఫుట్‌బాల్ జట్టును నేటికీ ముద్దుగా కుర్చీల కుర్రాళ్లనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

1960లలో ఆ ఊళ్లో ఎస్తర్ హాడ్‌ఫీల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఉండేవారు. ఆమె దగ్గరికి ముక్కు లోపల క్యాన్సర్‌తో రోగులు వస్తున్నారు. అది చాలా అరుదైన జబ్బు. అలాంటిది ఒక్క ఊరి నుంచే ఇంతమందికి ఎలా వస్తోంది? ఆమె వాళ్ల పని ఏమిటో ఆరా తీశారు. చాలామంది కుర్చీలూ బల్లలూ చేసేవాళ్లే. ఆక్స్‌ఫర్డులోని డొనాల్డ్ ఆచెసన్, మరికొందరు వైద్యులతో కలిసి ఆమె ఆ లెక్కను జాగ్రత్తగా కట్టారు. 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వారి వ్యాసం వచ్చింది. ఫర్నిచర్ పనిలో కలప దుమ్ము పీల్చిన వారికి ఆ క్యాన్సర్ ముప్పు మామూలు జనం కంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది.

ఒక డాక్టరమ్మ తన రోగిని "మీరేం పని చేస్తారు" అని అడిగినందువల్ల బయటపడ్డ సంగతి అది. ఆ తర్వాత చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ కలప దుమ్మును మొదటి వర్గంలో చేర్చింది. మొదటి వర్గమంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితా. పొగాకు పొగ ఉన్నది కూడా ఆ జాబితాలోనే.

భయపెట్టడానికి చెప్పడం లేదు ఇది. ఈ జబ్బు అరుదైనదే. చెక్క పని చేసే ప్రతివారికీ రాదు. వచ్చినా దశాబ్దాల తర్వాత వస్తుంది. అంతకంటే ముందే, అంతకంటే ఎక్కువమందిని పట్టేవి వేరే ఉన్నాయి. ఆగని తుమ్ములు, దగ్గు, ఆయాసం, ఉబ్బసం. టేకు దుమ్ము తగిలి కొందరికి ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. రోజ్‌వుడ్ కోసిన రోజు మరికొందరికి చేతులు దురద పెడతాయి. "ఈ కర్ర నాకు పడదు" అని మేస్త్రీలు అంటుంటారే, అది వట్టి అనుమానం కాదు. ఆ కర్రల్లో సహజంగా ఉండే రసాయనాల పని అది.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో గట్టి కలప దుమ్ముకు ఒక హద్దు పెట్టారు. పని చేసే చోట ఒక ఘనపు మీటరు గాలిలో, పనిరోజు సగటున, 2 మిల్లీగ్రాములకు మించకూడదు. అదెంతో ఊహించండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టె. ఆ పెట్టెడు గాలిలో బియ్యపు గింజలో సుమారు పదో వంతు బరువు దుమ్ము. అంతే. అంతకు మించితే ఎక్కువైనట్టు లెక్క.

సరే, ఇక మిషన్ దగ్గరికి వద్దాం. దుకాణానికి వెళ్తే మొదట వినిపించే మాట మోటారు గురించి. ఎన్ని హార్స్‌పవర్? ఎన్ని వాట్లు? అదీ అడగాల్సిందే, కానీ చివర్లో. దానికంటే ముందు మూడు ప్రశ్నలున్నాయి. ఒకటి, నా దగ్గర పుట్టేది ఏ దుమ్ము? రెండు, అది పుట్టే చోటుకు ఎంత దగ్గరగా పట్టగలను? మూడు, పట్టిన దుమ్ము చివరికి ఎక్కడికి పోతుంది? ఏ దుమ్ము, ఎంత దగ్గర, ఎక్కడికి. ఈ మూడూ గుర్తుంచుకోండి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి ప్రశ్న. నా దగ్గర పుట్టేది ఏ దుమ్ము?

కళ్లంలో తూర్పారబట్టడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చాట ఎత్తి గాలికి వదిలితే గింజ కాళ్ల దగ్గరే పడుతుంది. పొల్లు కాస్త దూరం పోతుంది. దుమ్ము ఎటు పోతుందో తెలియదు. చెక్క మిషన్ కూడా అలాగే తూర్పారబడుతుంది. చిత్రిక మిషన్, కొందరు రందా మిషన్ అంటారు, అది బస్తాల కొద్దీ పొట్టును చిమ్ముతుంది. బరువైన పొట్టు, పెద్ద కుప్ప. సాండర్ చారెడు పిండిని మాత్రమే వదులుతుంది, కానీ అందులో చాలాభాగం గాలిలోనే తేలుతుంది. కోత మిషన్ రెండూ కలిపి వదులుతుంది.

ఈ రెండు దుమ్ములకూ రెండు జాతుల మిషన్లున్నాయి. ఒకటి, పెద్ద ఫ్యానూ, లావు గొట్టమూ, పొడవాటి గుడ్డ సంచీ ఉండే డస్ట్ కలెక్టర్. దాని బలం గాలి పరిమాణంలో ఉంది. నదిలా పారుతుంది. పట్టు మెత్తగా ఉంటుంది, కానీ వెల్లువలా గాలిని మోసుకుపోతుంది. చిత్రిక మిషన్‌కూ, పెద్ద కోత మిషన్‌కూ అది తగింది. రెండోది, వాక్యూమ్ క్లీనర్ జాతికి చెందిన ఎక్స్‌ట్రాక్టర్. సన్నటి గొట్టం, గట్టి పీల్పు. గాలి తక్కువే లాగుతుంది, కానీ సన్నటి సందులోంచి కూడా బలంగా లాగుతుంది. సాండర్‌కూ, గాడి కోసే రౌటర్‌కూ, చేతి కట్టర్‌కూ అది తగింది.

ఇవి తారుమారైతే ఏమవుతుందో చూడండి. చిత్రిక మిషన్‌కు సన్న గొట్టపు వాక్యూమ్ తగిలించారనుకోండి. రెండు పలకలు దాటేలోపు గొట్టం పొట్టుతో బిగుసుకుపోతుంది. సాండర్‌కు పెద్ద డస్ట్ కలెక్టర్ తగిలించారనుకోండి. సాండర్ మూతి అంగుళం చిల్లు, కలెక్టర్ గొట్టం నాలుగంగుళాలు. అంత చిన్న చిల్లులోంచి గాలిని గుంజే పట్టు దానికి లేదు. రెండు చోట్లా డబ్బు పెట్టారు, రెండు చోట్లా దుమ్ము గాలిలోనే ఉంది.

కాబట్టి ఇళ్లకు వెళ్లి వార్డ్‌రోబులూ, వంటింటి అరలూ బిగించే మేస్త్రీకి కావలసింది వాక్యూమ్ జాతి. షెడ్డులో తలుపులూ, ద్వారబంధాలూ, మంచాలూ చేసేవారికి డస్ట్ కలెక్టర్. రెండు పనులూ ఉన్నవారికి రెండూ కావాలి. అన్నిటికీ సరిపోయే ఒకే మిషన్ ఉందని ఎవరైనా చెబితే, సాండరూ చిత్రిక మిషనూ రెండూ ఉన్నాయని చెప్పి, రెండింటికీ తగిలించి చూపించమనండి.

రెండో ప్రశ్నకు వద్దాం. దుమ్ము పుట్టే చోటుకు ఎంత దగ్గరగా పట్టగలను?

ఈ రాత్రి ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. కొవ్వొత్తి వెలిగించి మూరెడు దూరంలో పెట్టండి. ఊదండి, ఆరిపోతుంది. మళ్లీ వెలిగించండి. ఈసారి అంతే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పడానికి ప్రయత్నించండి. ఎంత గట్టిగా పీల్చినా ఆరదు. ఊదిన గాలి బాణంలా ఒకే వైపు పోతుంది. పీల్చినప్పుడు గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ బలం చచ్చిపోతుంది.

దుమ్ము లాగే గొట్టం కథా ఇదే. నాలుగంగుళాల గొట్టం మూతి దగ్గర గాలి ఎంత వేగంగా ఉంటుందో, నాలుగంగుళాలు దూరం జరిగేసరికి ఆ వేగం సుమారు పదో వంతుకు పడిపోతుంది. గమనించండి, నాలుగే అంగుళాలు. జానెడు కూడా కాదు. అందుకే గొట్టాన్ని మిషన్ పక్కన ఎక్కడో కట్టి ఉంచితే లాభం ఉండదు. రంపపు పళ్లకు దగ్గరగా ఉండాలి. వీలైతే రంపం కింద పెట్టెలా మూసి, ఆ పెట్టెకు గొట్టం బిగించాలి. రంపం పైన కూడా ఒక మూత, దానికో సన్న గొట్టం ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే దుమ్ము కిందికి మాత్రమే పోదు, పళ్లు పైకి కూడా చిమ్ముతాయి.

మన దేశంలో ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టంలోనే, 14వ సెక్షన్‌లో, దుమ్ము లాగే సాధనం దుమ్ము పుట్టే చోటుకు వీలైనంత దగ్గరగా ఉండాలనీ, ఆ చోటును వీలైనంత మూసి ఉంచాలనీ రాశారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే అంత స్పష్టంగా రాసిన మాట అది.

గొట్టం గురించి ఇంకో రెండు మాటలు. గొట్టం వెడల్పు సగానికి తగ్గిస్తే దారి సగం కాదు, పావు వంతు అవుతుంది. నాలుగంగుళాల గొట్టానికి రెండంగుళాల ముక్క అతికించి "సరిపోయిందిలే" అనుకుంటే నాలుగింట మూడు వంతుల దారి మూసేసినట్టే. ఇక ముడతలు ముడతలుగా ఉండే వంగే గొట్టం. అది మిషన్ దగ్గర చివరి మూడు నాలుగు అడుగులకు మాత్రమే వాడండి. ఆ ముడతలు గాలిని అడుగడుగునా నిలేస్తాయి. మిగతా దూరమంతా నున్నటి గొట్టం వేయండి. మలుపులు తక్కువ ఉండాలి. మలుపు తప్పనిసరైతే ఒక్కసారిగా మడిచినట్టు కాకుండా, బండి మలుపు తిరిగినట్టు విశాలంగా తిప్పండి. నాలుగు మిషన్లకు ఒకే కలెక్టర్ ఉంటే ప్రతి దారికీ ఒక జారుడు పలక పెట్టుకోండి. పని జరుగుతున్న మిషన్ దారి ఒక్కటే తెరిచి, మిగతావి మూయండి. కాలవకు తూములు ఉంటాయి కదా, సరిగ్గా అలాగే.

ఏ దుమ్ము అని అడిగాం. ఎంత దగ్గర అని అడిగాం. ఇక మూడోది, అన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది. పట్టిన దుమ్ము చివరికి ఎక్కడికి పోతుంది?

మిషన్ లాగిన గాలి మళ్లీ బయటికి రావాలి. దుమ్ము సంచిలో ఉండిపోవాలి, గాలి మాత్రం సంచి నేతలోంచి బయటికి పోవాలి. ఆ నేత పలచగా ఉంటే? పెద్ద పొట్టు లోపల ఉంటుంది. సన్నటి దుమ్ము గాలితో పాటు జల్లెడలోంచి పిండి రాలినట్టు బయటికి వచ్చేస్తుంది. అప్పుడు ఆ మిషన్ చేసిన పనేమిటి? నేల మీద పడాల్సిన పొట్టును సంచిలో వేసింది. సన్నటి దుమ్మును మాత్రం షెడ్డంతా చల్లింది. నేల శుభ్రంగా ఉంది, ఊపిరి పాడైంది.

ఇక్కడ మైక్రాన్ అనే మాట తెలియాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 40 మైక్రాన్ల కంటే చిన్న నలుసు విడిగా మన కంటికి ఆనదు. గొంతు దాటి లోపలికి దిగేవి 10 మైక్రాన్ల కంటే చిన్నవి. అంటే, ఊపిరితిత్తుల దాకా చేరే నలుసులను మనం మామూలుగా చూడలేం. చవక డస్ట్ కలెక్టర్లతో వచ్చే మామూలు గుడ్డ సంచి 30 మైక్రాన్ల వరకే పట్టగలిగినదైతే, అది అసలు శత్రువును వదిలేసినట్టే.

కాబట్టి దుకాణంలో అడగండి. "ఈ సంచి ఎన్ని మైక్రాన్ల దాకా ఆపుతుందండీ?" ఒక మైక్రాన్ అని చెబితే నయం. గుడ్డ సంచి బదులు మడతలు మడతలుగా ఉండే డబ్బా ఫిల్టర్ ఉంటే ఇంకా నయం. ఆ మడతలు అందానికి కాదు. మడతలు విప్పి పరిస్తే గది నేలంత కాగితం ఉంటుంది. దారి విశాలమైతే గాలి సులువుగా పోతుంది, ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు. వాక్యూమ్ జాతి ఎక్స్‌ట్రాక్టర్ల మీద ఎల్, ఎం, హెచ్ అనే అక్షరాలు ఉంటాయి. ఎల్ అంటే నూటికి ఒక వంతు దుమ్ము దాటిపోవచ్చు. ఎం అంటే వెయ్యికి ఒకటి. హెచ్ అంటే లక్షకు ఐదు. చెక్క పనికి కనీసం ఎం తరగతి తీసుకోమని అనుభవజ్ఞులు చెబుతారు. ఎం తరగతి మిషన్లలో ఇంకో మంచి గుణం ఉంది. గొట్టంలో గాలి వేగం పడిపోతే కూత పెట్టి హెచ్చరిస్తాయి. ఫిల్టర్ నిండిందనో, గొట్టంలో ఏదో అడ్డం పడిందనో మనకు తెలుస్తుంది.

అసలు ఫిల్టర్ దాకా దుమ్ము రాకుండా ముందే సగం పని చేసే ఏర్పాటు ఒకటి ఉంది. దాని పేరు సైక్లోన్. తుఫాను కాదు, ఒక గరాటు. దుమ్ముతో నిండిన గాలి గరాటు పైభాగంలోకి ఒక పక్క నుంచి దూరి సుడి తిరుగుతుంది. రోడ్డు మలుపులో బస్సు గట్టిగా తిరిగితే మనం పక్కకు ఒరుగుతాం కదా. అలాగే బరువైన పొట్టు గరాటు గోడకు ఒరిగి, జారి, కిందున్న డ్రమ్ములో పడుతుంది. తేలికైన గాలి మధ్యలోంచి పైకి పోతుంది.

రంపపు మిల్లుల పైకప్పుల మీద ఇలాంటి పెద్ద గరాటులు చాలాకాలంగా ఉన్నాయి. 1970ల చివర్లో జేమ్స్ డైసన్ అనే ఇంగ్లండు డిజైనరుకు ఇంట్లో వాక్యూమ్ సంచి మాటిమాటికీ మూసుకుపోయి పీల్పు తగ్గిపోవడం విసుగు తెప్పించింది. రంపపు మిల్లులో చూసిన ఆ గరాటును చిన్నదిగా చేసి ఇంటి వాక్యూమ్‌లో పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. అది కుదరడానికి 5127 నమూనాలు చేశానని ఆయనే చెప్పాడు. ఇవాళ ఎన్నో ఇళ్లలో ఉన్న సంచి లేని వాక్యూమ్‌కు తాత ఎవరంటే, రంపపు మిల్లు గరాటు.

ఇప్పుడు బకెట్ మూత మీద బిగించుకునే చిన్న ప్లాస్టిక్ సైక్లోన్లు దొరుకుతున్నాయి. వాటిని మామూలు వాక్యూమ్‌కు ముందు పెట్టుకుంటే పొట్టులో చాలావరకు బకెట్‌లోనే పడిపోతుంది. ఫిల్టర్ ఎక్కువ రోజులు తేలికగా ఊపిరి పీలుస్తుంది. చిన్న మేస్త్రీకి తక్కువ ఖర్చులో ఎక్కువ మేలు చేసే వస్తువు ఇది. ఒక్క జాగ్రత్త. డ్రమ్ము నిండితే సైక్లోన్ పని ఆగిపోతుంది, పొట్టంతా నేరుగా ఫిల్టర్ మీద పడుతుంది. మూడు వంతులు నిండగానే ఖాళీ చేయండి. ఇంకో మాట, సైక్లోన్ ఉంది కదా అని ఫిల్టర్ విషయంలో తగ్గకండి. అతి సన్నటి దుమ్ము సైక్లోన్‌ను దాటిపోతుంది. దాన్ని ఆపాల్సింది ఫిల్టరే.

షెడ్డు ఊరి చివర ఉండి, పక్కన ఇళ్లు లేకపోతే, సైక్లోన్ దాటిన గాలిని బయటికే పంపేయవచ్చు. అప్పుడు లోపలికి గాలి రావడానికి ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. ఇళ్ల మధ్య ఉన్నవారు మాత్రం అలా చేయకూడదు. మనం పీల్చని దుమ్ము పక్కింటి పసివాడు పీలుస్తాడు.

ఇప్పుడు మోటారు గురించి అడగవచ్చు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో గాలి పరిమాణం రాసి ఉంటుంది. చాలాసార్లు అది గొట్టం, సంచి ఏవీ లేకుండా, ఫ్యాను ఒక్కదాన్నే తిప్పి కొలిచిన లెక్క. గొట్టం తగిలించి, సంచి కాస్త నిండాక అంత గాలి రాదు. అందుకే కాస్త పెద్దది చూసుకోవడం మంచిదే. అయితే మీ కరెంటు ఏమిటో ముందు చూడండి. చిన్న మోటార్లు సింగిల్ ఫేజ్ మీద నడుస్తాయి, పెద్దవాటికి మామూలుగా త్రీ ఫేజ్ కావాలి. కోత మిషనూ కలెక్టరూ ఒకేసారి తిరగాలన్న సంగతి మరవకండి. వైరింగ్ ఆ రెండింటినీ మోయగలగాలి. మోత కూడా వినండి. మోతకు తట్టుకోలేక మేస్త్రీ రోజుకు పదిసార్లు ఆపేసే మిషన్ ఎంత మంచిదైనా ఏం లాభం?

నిప్పు సంగతి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. అడవులూ రంపపు మిల్లులూ ఎక్కువ. అక్కడ ఒక రకం పురుగు తిని ఎండిపోయిన పైన్ చెట్లను కోస్తుండేవారు. ఎండు కర్ర కాబట్టి దుమ్ము మరీ సన్నగా, మరీ పొడిగా వచ్చేది. 2012 జనవరి 20న బర్న్స్ లేక్ అనే ఊళ్లో మిల్లు పేలింది. ఇద్దరు చనిపోయారు. మూడు నెలలకే, ఏప్రిల్ 23న, ప్రిన్స్ జార్జ్ అనే ఊళ్లో ఇంకో మిల్లు అలాగే పేలింది. అక్కడా ఇద్దరు. పేలింది మందుగుండు కాదు. దూలాల మీద, మూలల్లో పేరుకుని, గాలిలోకి లేచి, నిప్పు తగిలిన కలప దుమ్ము.

మన చిన్న షెడ్డులో అంత దుమ్ము పేరుకోకపోవచ్చు. కానీ నిప్పుకు చిన్నా పెద్దా తెలియదు. గొట్టాల్లో దుమ్ము రాసుకుంటూ పోయినప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. మిషన్‌కూ, ఇనుప గొట్టాలకూ ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఇనుము గ్రైండింగ్ చేసే మిషన్‌కు చెక్క దుమ్ము కలెక్టర్‌ను ఎప్పుడూ తగిలించకండి. ఒక్క నిప్పురవ్వ సంచిలోకి పోతే గంటల తర్వాత అంటుకోవచ్చు. పాత ఇళ్ల దూలాలు కోసేటప్పుడు ముందుగా మేకులు వెతికి తీయండి. అవిసె నూనె కలిసిన పాలిష్ తుడిచిన గుడ్డలను పొట్టు బస్తాలో పడేయకండి. ఆ గుడ్డలు తమంతట తామే వేడెక్కి రాజుకుంటాయి. వాటిని విడివిడిగా ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. దూలాల మీదా, ట్యూబ్‌లైట్ల మీదా పేరుకున్న దుమ్మును నెలకోసారైనా వాక్యూమ్‌తో లాగేయండి.

లాగేయమనడంలో ఒక అర్థముంది. ఇప్పుడు చాలా షెడ్లలో చేతిలో పట్టుకునే బ్లోయర్ ఉంటోంది. సాయంత్రం కాగానే బ్లోయర్ పెట్టి మిషన్ మీది దుమ్మంతా ఊదేస్తారు. ఐదు నిమిషాల్లో మిషన్ మెరిసిపోతుంది. కానీ పగలంతా కష్టపడి కిందికి దిగిన దుమ్మును మళ్లీ గాలిలోకి లేపినట్టయింది. ఆ రోజు మొత్తంలో మేస్త్రీ పీల్చే దుమ్ములో ఎక్కువ భాగం ఆ ఐదు నిమిషాల్లోనే కావచ్చు. ఎక్స్‌ట్రాక్టర్ కొన్న రోజునే ఆ బ్లోయర్‌ను అటక మీద పెట్టేయండి.

మాస్కు మాట కూడా. కరోనా రోజుల్లో అందరికీ పరిచయమైన ఎన్-95 మాస్కు చెక్క దుమ్ముకు కూడా పనికొస్తుంది. ముఖానికి కట్టుకునే జేబురుమాలు పనికిరాదు, సన్నటి దుమ్ము దాని నేతలోంచి దూరిపోతుంది. సంచి విప్పి ఖాళీ చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఎందుకంటే అంతసేపూ పట్టి ఉంచిన సన్నటి దుమ్మంతా అప్పుడు ముఖం ముందే ఉంటుంది.

మరి డబ్బు తక్కువగా ఉన్న మేస్త్రీ ఏం చేయాలి? ముందు మాస్కు. ఆ తర్వాత సాండర్‌కు ఒక వాక్యూమ్, దానికి మంచి ఫిల్టర్, ముందు ఒక బకెట్ సైక్లోన్. సన్నటి దుమ్ము ఎక్కువ పుట్టేది సాండర్ దగ్గరే కాబట్టి మొదటి రూపాయి అక్కడే పెట్టాలి. ఆ తర్వాత కోత మిషన్‌కు కలెక్టర్. చిత్రిక మిషన్ పొట్టు చూడ్డానికి పెద్ద కుప్పే, కానీ అది బరువైన పొట్టు, కింద పడుతుంది. దాన్ని చివర చూసుకోవచ్చు. మన అలవాటు దీనికి తలకిందులు. పెద్ద కుప్ప చూసి పెద్ద మిషన్ ముందు కొంటాం.

ఇంకోసారి గుర్తు చేసుకుందాం. దుకాణం మెట్లెక్కేటప్పుడు మూడు ప్రశ్నలు. ఏ దుమ్ము? ఎంత దగ్గర? ఎక్కడికి? మొదటి ప్రశ్న మిషన్ జాతిని చెబుతుంది. రెండోది గొట్టాన్నీ, మూతనూ చెబుతుంది. మూడోది ఫిల్టర్‌ను చెబుతుంది.

కొన్న తర్వాత అది సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. మనం మొదట చూసిన ఆ ఎండ గీత చాలు. ఎండ లేకపోతే టార్చిలైటు. పొద్దు గూకాక షెడ్డు తలుపు దగ్గరికి వేయండి. లైట్లు ఆర్పండి. సాండరూ, దానికి తగిలించిన ఎక్స్‌ట్రాక్టరూ కాసేపు నడిపి ఆపండి. టార్చిని అడ్డంగా, మీ ముఖానికి ఎదురు దిక్కు నుంచి, గాలిలోకి కొట్టమని కుర్రవాడికి చెప్పండి. వెలుగు దారిలో నలుసులు గుంపులు గుంపులుగా తేలుతుంటే ఎక్కడో కారుతోంది. సంచి కట్టు దగ్గర చూడండి, గొట్టం అతుకుల దగ్గర చూడండి, ఫిల్టర్ అంచు దగ్గర చూడండి. ఎక్స్‌ట్రాక్టర్‌ను మళ్లీ నడుపుతూ టార్చి వెలుగును ఒక్కొక్క చోటికీ జరిపితే కారే చోటు పొగలా కనిపించి తనే చెబుతుంది. అక్కడ బిగించి, టేపు వేసి, మళ్లీ నడిపి చూడండి.

టార్చి పట్టుకుని అక్కడ నిలబడ్డ ఆ కుర్రవాడికి పదహారో పదిహేడో ఏళ్లు ఉంటాయి. ఇంకో నలభై ఏళ్లు అతను ఆ షెడ్డులోనే ఊపిరి పీల్చాలి.